గాలి మూట

గాలిని మూట కట్టలేరంటారు.
పొద్దున్నే ఆరింటికి వచ్చి చూడండి,
నేను కడతాను.
అల్యూమినియం సీసాలో, రెండు వందల బార్ల దాకా,
వాల్వు బిగించి, మూతికి టేపు అంటించి.
ఒక్కో మూట పన్నెండు డాలర్లు.
బొనైర్ దీవి మీదుగా పోయే ఇదే గాలి
బయట గాడిదల జూలు దువ్వుతుంటుంది,
ఒక్క సెంటు అడగదు.

వీబే వచ్చింది ఫిబ్రవరిలో.
గ్రోనింగెన్‌లో బస్సు నడిపేవాడట,
మోకాళ్ళు అరిగిపోయాక ఆపేశాడు.
నల్ల అట్ట పుస్తకంలో అన్నీ రాసుకుంటాడు:
విమానం, మళ్ళీ విమానం, అద్దె ట్రక్కు,
సముద్రంలో దిగడానికి చీటీ,
చేపల పులుసు, దాని కింద రెండు గీతలు.
ఏడేళ్ళు దాచానన్నాడు.
రోడ్డు పక్క పసుపు రంగేసిన రాయి దగ్గర
పద్దెనిమిది మీటర్ల లోతున
మెదడు పగడం ఒకటి, భోజనాల బల్లంత, ఉండాలని
చేతులు చాపి చూపించాడు.
ఇరవై రెండేళ్ళ నాటి కొలత అది.

నేను చెప్పొచ్చు.
బోర్డు మీద షురేండి సుద్దముక్కతో రాసిందే:
జబ్బు అంటుకుంటోంది,
దిగినవాళ్ళు బట్టలు మందునీళ్ళలో ముంచాలి.
అతను చదివాడు కూడా.
కానీ ఆరు మూటలకు డబ్బు ముందే కట్టేశాడు,
కంప్రెసర్ మోత,
నెలాఖరు.
చెప్పలేదు.

మూడు వాడాడు.
నాలుగో రోజు ట్రక్కు తాళాలు కౌంటర్ మీద పెట్టి
పుస్తకం తెరిచి, మొత్తం కూడి,
కూడిక కింద ఏదో రాయబోయి
పెన్ను జేబులో పెట్టుకున్నాడు.
"బల్ల ఉంది," అన్నాడు. "తెల్లగుడ్డ కప్పి ఉంది."
డబ్బు వాపసు లేదని గోడ మీద రాసుంది.
అతను గోడ వైపు చూడనే లేదు.

మూడు మూటలు మిగిలాయి.

ఒకటి షురేండి పట్టుకెళ్ళింది, మా పిన్ని కూతురు.
రోజూ కిందికి వెళ్ళి
పగడం పుండు అంచున వేలితో మందు రాసొస్తుంది,
పడొచ్చిన పిల్లాడి మోకాలికి రాసినట్టు.
మనుషులు మింగే మందే, ముద్ద చేసింది.
ఆ డబ్బా కొనేది వీబే కట్టిన చీటీ డబ్బుతో.
వీబేను తెచ్చిన విమానం పొగకూ
ఈ నీళ్ళ జ్వరానికీ చుట్టరికముందని కూడా
తనే అంటుంది.
రాబడి గడిలో వేయాలో ఖర్చు గడిలో వేయాలో
నాకింకా తేలలేదు.

ఆదివారం కంప్రెసర్ ఆపాను.
పదకొండేళ్ళుగా మూటలు కడుతున్నాను,
నాకోసం ఒక్కటీ విప్పుకోలేదు.
ఐదోది వీపున వేసుకుని దిగాను.

మా నాన్న ఇలారియో వల వేసే రోజుల్లో
పడవ అడుగుకు చెవి ఆనిస్తే
కింద పేలాలు వేగుతున్నట్టుండేదట, మూకుడు నిండా.
రొయ్యలు చిటికెలు వేస్తాయి,
చిలకచేపలు రాయి కొరుకుతాయి.
ఆ చప్పుడు పట్టుకునే, నీళ్ళలోకి చూడకుండా,
దిబ్బ ఎక్కడుందో చెప్పేవాడు.
లంగరు మాత్రం సరిగ్గా దాని నెత్తినే వేసేవాడు.
ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేవాడు.

పద్దెనిమిది మీటర్లు.
నా ఊపిరి ఒకటే బుడబుడ.
బిగబట్టాను.
బిగబట్టకూడదని అందరికీ చెప్పేది నేనే.

ఒకటి.

చాలాసేపు.

ఇంకొకటి.
ఆర్పేసిన పొయ్యి మీద మిగిలిన గింజ పేలినట్టు.
ఎటు నుంచో తెలియలేదు,
నీళ్ళలో చప్పుడుకి దిక్కుండదు.
గుడ్డ కప్పిన బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాను.

యాభై బార్లు ఉండగానే పైకి రావాలి, అది రూలు.
వచ్చాను. బట్టలు మందునీళ్ళలో ముంచాను.
గట్టు మీద కూర్చుని వాల్వు తిప్పితే
ఆ యాభై
బుస్సుమని బయటికి పోయింది,
గాడిదల వైపు.
రిజిస్టరులో దానికి గడి లేదు.

ఆరో మూట ఇంకా షెడ్డులోనే ఉంది.
టేపు మీద అతని పేరు, నా దస్తూరీలో,
ఒక అక్షరం తప్పుగా.